ఇటలీ పూల పెయింటింగ్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

ఆధునిక ఇటాలియన్ పూల చిత్రం, కాన్వాస్ మీద ఆయిల్, అమ్మకానికి ఉంది అని కనపడగానే మన కళ్లు పూల మీదకే పోతాయి. ఎరుపు బాగుందా, హాల్లో గోడకి నప్పుతుందా అని చూస్తాం. నన్నడిగితే పూలు ఆఖరున చూడాలి. ముందు కాన్వాస్ వెనక వైపు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత అది ఇటలీ నుంచి మీ ఇంటికి వచ్చే దారి. ఈ మూడూ తేలాకే పూల అందం గురించి మాట్లాడుకోవచ్చు.

ఈ కోవలో పెద్ద పేర్లంటే బొలోన్యాకు చెందిన జార్జో మొరాండి (1890–1964), ఫెర్రారాలో పుట్టిన ఫిలిప్పో దె పిసిస్ (1896–1956). జాగ్రత్త ఎక్కువ కావాల్సింది దె పిసిస్ దగ్గర. ఆయన పూలకుండీలు చాలా వేశాడు, అదీ చకచకా. కుంచె ఒక్కసారి తాకి వదిలేస్తే రేకు అయిపోతుంది. రెండు తాకిళ్ల మధ్య కాన్వాస్ ఖాళీగా కనపడుతూనే ఉంటుంది. చూడ్డానికి ఎవరైనా వేసేయగలరు అనిపిస్తుంది కాబట్టే ఆయన పేరు మీద నకిలీలు బోలెడు పుట్టాయి. దగ్గరికెళ్లి ఒక్క రేకునే చూడండి. అసలు చేతిలో రంగు మొదట చిక్కగా పడి, చివరికి పల్చబడుతూ ఒకే ఊపులో ఆగుతుంది. అనుకరించే చెయ్యి తడబడుతుంది, అదే చోట మళ్లీ దిద్దుతుంది. ఇది మీ అనుమానానికి పనికొస్తుందే గానీ రుజువు కాదు.

రుజువు కాగితాల్లో ఉండాలి. మొరాండి చిత్రాలకు లాంబెర్తో విటాలి 1977లో ప్రచురించిన సమగ్ర జాబితా ఉంది, అందులో నంబరు ఎంత అని అడగండి. దె పిసిస్‌కి ఆయన పేరు మీదే మిలాన్‌లో ఒక సంఘం ఉంది, అక్కడి పత్రం ఉందా అని అడగండి. అమ్మేవాడు తన ప్రింటర్‌లో తీసి, తనే సంతకం పెట్టిన సర్టిఫికెట్‌కి విలువ లేదు. ఇటలీలో ఇంకో అలవాటు ఉంది: నిపుణుడు చిత్రం ఫొటో వెనక రాసి సంతకం చేసి ఇస్తాడు. ఆ ఫొటో నిజమైనదే అయ్యుండి, మీకు చూపిస్తున్న చిత్రం వేరేది కావచ్చు. ఫొటోని చిత్రం పక్కన పెట్టి రేకు రేకూ, ఆకు ఆకూ పోల్చండి. 2004 నాటి ఇటలీ సాంస్కృతిక సంపద చట్టం 64వ అధికరణ ప్రకారం, కళాఖండాలు అమ్మే వ్యాపారి వాటి ప్రామాణికత గురించి, అది లేకపోతే కనీసం ఎవరి పని కావచ్చు, ఎక్కడి నుంచి వచ్చింది అన్నదాని గురించి కొన్నవాడికి పత్రం ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు. దొంగసొత్తు కాదని చూసుకోవడానికి ఇటలీ కరాబినియేరి పోలీసుల కళాసంపద విభాగం డేటాబేస్‌లో ఎవరైనా వెతకొచ్చు.

పెద్ద పేర్లు అందరి బడ్జెట్‌కీ అందవు. మనలో ఎక్కువమంది కొనేది ఇప్పటి చిత్రకారుల పనే. అక్కడ అసలు ప్రశ్న ఇది చేత్తో వేసిందా, ప్రింటా అని. కాన్వాస్ మీద ప్రింట్ కొట్టి, పైన పారదర్శకమైన జెల్ పూసి కుంచె గీతల్లా కనపడేలా చేస్తారు. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే ప్రింట్‌లో సన్నని చుక్కలు బయటపడతాయి. పైగా జెల్ ఎత్తుపల్లాలు ఒక దారి, కింది బొమ్మ రంగులు ఇంకో దారి పోతుంటాయి. దూరం నుంచి కొంటుంటే వీడియో కాల్ పెట్టించండి. లైట్లు ఆర్పి, టార్చి పక్క నుంచి పడేలా పట్టుకోమనండి. ఆ వెలుగులో రంగు మందం, పగుళ్లు, పొరలు లేచిన చోట్లు దాగవు. తర్వాత చిత్రాన్ని తిప్పమనండి. చట్రం, మేకులు, పాత గ్యాలరీ చీటీలు, స్టాంపులు చూడాలి. 1930ల నాటిది అన్న కాన్వాస్ వెనక వైపు అతినీలలోహిత (UV) కాంతిలో నీలంగా మెరిసిపోతే గట్టిగా అనుమానించండి. అలా మెరిసేది బట్టకి తెల్లదనం తెచ్చే రసాయనాల వల్ల, అవి రెండో ప్రపంచయుద్ధం తర్వాతే వాడకంలోకి వచ్చాయి.

ఇటలీ దాటించడం దగ్గర చాలామంది చిక్కుకుంటారు. చిత్రకారుడు బతికే ఉన్నా, లేక చిత్రం వేసి 70 ఏళ్లు నిండకపోయినా మామూలుగా ఒక ప్రకటన పత్రంతో పని జరుగుతుంది. 2017లో సవరించక ముందు ఈ గడువు 50 ఏళ్లే. చిత్రకారుడు చనిపోయి, చిత్రం వేసి 70 ఏళ్లు దాటి, విలువ 13,500 యూరోల పైన ఉంటే ఎగుమతి కార్యాలయం అనుమతి కావాలి. అది నిరాకరిస్తే చిత్రం మీ సొంతమే అయినా ఇటలీలోనే ఉండిపోతుంది. దె పిసిస్ 1956లో పోయాడు కాబట్టి ఆయన పని మొత్తానికీ 70 ఏళ్లు నిండినట్టే. అందుకే అనుమతి వచ్చాకే మిగతా డబ్బు కడతానని ఒప్పందంలో రాయించుకోండి. కస్టమ్స్ తగ్గించడానికి 'గిఫ్ట్' అనో తక్కువ ధర అనో రాస్తామంటే ససేమిరా ఒప్పుకోకండి. అది నేరం, పైగా దారిలో చిత్రం పాడైతే బీమా కూడా ఆ తక్కువ ధరే ఇస్తుంది.

కొత్త పెయింటింగ్ అయితే ఎప్పుడు పూర్తయిందో తప్పకుండా అడగండి. ఆయిల్ రంగు గాలితో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. గులాబీ రేకుల్లాంటి మందపాటి చోట్ల పైన పొర కట్టినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. దాని మీద బబుల్ రాప్ నేరుగా చుడితే బుడగల అచ్చు పడిపోతుంది, ఇక పోదు. ముందు అంటుకోని సిలికాన్ కాగితం, మూలలకు రక్షణ, రంగుకి ఏదీ తగలకుండా ఖాళీ, ఆపైన చెక్కపెట్టె. ఇవన్నీ ఉంటేనే పంపమనండి.

జూన్‌లో కొన్నది మన దగ్గర వానల్లో దిగుతుంది. వీలైతే నవంబరు దాకా ఆపించండి. వచ్చిన పెట్టెని వెంటనే విప్పకుండా ఒక రోజు గదిలో ఉంచి, వీడియో తీస్తూ తెరవండి. పెట్టెకి దెబ్బ తగిలి ఉంటే డెలివరీ సంతకం దగ్గరే ఆ మాట రాయండి. వాన తడి పట్టే బయటి గోడకి, ఏసీ గాలి సూటిగా కొట్టేచోట, దీపం, అగరొత్తుల పొగ చేరే పూజ గది దగ్గర వద్దు. ఎండ అసలే వద్దు. కొన్ని గులాబీ, ఎరుపు రంగులు వెలుతురుకే వెలిసిపోతాయి. వెనక చిన్న బిరడా ముక్కలు అతికిస్తే గోడకీ కాన్వాస్‌కీ మధ్య గాలి ఆడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఇది తప్పనిసరి.

వానాకాలంలో నెలకోసారి దించి వెనక చూడండి. తెల్లటి బూజు చుక్కలు కనపడితే తడిగుడ్డ పెట్టకండి, స్ప్రే కొట్టకండి, ఎండలో పెట్టకండి. పొడి గదిలో విడిగా ఉంచి, ఫొటోలు తీసి, చిత్రాల సంరక్షణ తెలిసినవాళ్లకి చూపించండి. మన దేశంలో కళా, వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ (INTACH) అనే సంస్థ సంరక్షణ కేంద్రాలు ఇళ్లలోని చిత్రాలకూ ఈ పని చేస్తాయి.