ట్రాక్టర్ వెనక ట్రాలీ ఠక్ ఠక్‌మంటోందా?

ఖాళీ ట్రాలీ గతుకుల్లో చప్పుడు చేయడం మామూలేనని చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. ముందు ట్రాలీ విప్పేసి, ఒట్టి ట్రాక్టర్‌ను అదే దారిలో ఓసారి తిప్పండి. చప్పుడు అలాగే వస్తుంటే, ఎక్కువసార్లు అది వెనక వేలాడే లోయర్ లింకులది, అంటే నాగలి లాంటివి తగిలించే రెండు కింది చేతులది. అవి పక్కలకు ఊగకుండా పట్టే చెక్ చైన్లు బిగించి చూడండి.

చప్పుడు ఆగిపోతే, ట్రాలీని ట్రాక్టర్ హుక్కుకు కలిపే పిన్ను, అది దూరే ట్రాలీ రింగు చూడాలి. పిన్ను బయటికి తీసి, గ్రీజు శుభ్రంగా తుడిచి, గోరుతో పైనుంచి కిందికి గీయండి. గాడిలో గోరు ఆగిందంటే అరిగినట్టే. మా పిన్ను నడుము ఒకవైపు సన్నబడిపోయింది. ట్రాలీ రింగు బొక్క కోడిగుడ్డులా సాగింది. అలాంటప్పుడు పిన్ను ఒక్కటే మారిస్తే చప్పుడు పోదు, రింగు కూడా మార్చాల్సిందే. చేతికి దొరికిన బోల్టును మాత్రం పిన్నుగా వేయకండి. మెత్తటి ఇనుమైతే లోడు మీద వంగుతుంది, బోల్టుకు మరలు ఉన్నచోట తెగుతుంది కూడా. అది తెగితే లోడు ట్రాలీ ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

హుక్కు బిగించిన బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే అవి కదులుతున్నట్టే. మలుపుల్లో మాత్రమే కిర్రుమంటే ముందు గ్రీజు పెట్టి చూడండి.

ఒకరు బండిని కొంచెం ముందుకీ వెనక్కీ కదిపితే, ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి సందు ఎక్కడుందో చూడొచ్చు. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్యలో మాత్రం ఎవరూ నిలబడకూడదు. పిన్ను తిరిగి వేశాక కింద క్లిప్పు మర్చిపోకండి.