పిందె రాలే నెలలో పెద్ద వయసు బ్యాటర్‌ను అంచనా వేయడం ఎలా

ఏప్రిల్ అంటే మా తోటలో పిందె రాలే నెల. అమెరికాలో అప్పటికి బేస్‌బాల్ సీజన్ మొదలై వారం పది రోజులు అవుతుంది. రెండింటి లెక్కా ఒకే నోటుబుక్కులో రాస్తాను. ముందు పేజీల నుంచి బత్తాయి, వెనక పేజీల నుంచి బేస్‌బాల్. ముప్పై ఐదేళ్లు దాటిన బ్యాటర్ ఈ ఏడాది జట్టుకు అక్కరకు వస్తాడా, భారమవుతాడా అన్నది మొదటి రెండు నెలల్లో ఎలా పసిగట్టాలో ఆ వెనక పేజీలే నాకు నేర్పాయి. పిల్లలు అమెరికాలో స్థిరపడి, వాళ్ల ఊరి జట్టును తమ జట్టుగా చేసుకున్న పెద్దవాళ్లు మన జిల్లాలో చాలా మంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది నల్లగొండకు దగ్గర, తిప్పర్తి వైపు. ఐదెకరాల బత్తాయి. సగం చెట్లు మా నాయన పెట్టినవి, ఇరవై ఏళ్లు దాటాయి. పెద్దబ్బాయి డెట్రాయిట్ పక్కన ఉంటాడు. 2019 వేసవిలో వాళ్లింట్లో ఐదు నెలలు ఉండి, మనవడి పక్కన కూర్చుని ఆట నేర్చుకున్నాను. డెట్రాయిట్‌లో సాయంత్రం ఏడు అంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. రైతుకు అది లేచే వేళే కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

2021 ఏప్రిల్ 1 సంగతి చెప్పాలి. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్, ఇక్కడ రాత్రి పదిన్నర దాటింది. డెట్రాయిట్ టైగర్స్ సీజన్‌కు అది మొదటి ఆట. మైదానంలో మంచు కురుస్తోంది. వాళ్ల బ్యాటర్ మిగెల్ కబ్రెరాకు అప్పుడు ముప్పై ఏడేళ్లు, పదిహేడు రోజుల్లో ముప్పై ఎనిమిది. ఎదురుగా క్లీవ్‌లాండ్ పిచర్ (బంతి విసిరేవాడు) షేన్ బీబర్, అంతకు ముందు ఏడాది అమెరికన్ లీగ్‌లో (అక్కడి మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) ఉత్తమ పిచర్ బహుమతి అందుకున్నవాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనే (ఆటకు తొమ్మిది ఉంటాయి) కబ్రెరా కొట్టిన బంతి కుడివైపు గోడ దాటింది. మంచులో బంతి కనబడక, అది హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అని తెలియక, ఆయన పరిగెత్తుకుంటూ వెళ్లి రెండో బేస్‌లోకి (పరుగు దారిలోని నాలుగు మజిలీల్లో రెండోది) జారాడు. ఫోనులో మనవడు కేకలు పెట్టాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఈ ఏడాది ముప్పై హోమ్ రన్లు ఖాయమని నోటుబుక్కులో రాసి కింద గీత కూడా గీశాను. సీజన్ ముగిసేసరికి వచ్చినవి 15. సగటు .256, అంటే వెయ్యి అవకాశాలకు 256 హిట్లు (కొట్టి, అవుట్ కాకుండా బేస్ చేరడం). ఆగస్టు 22న టొరంటోలో తన 500వ హోమ్ రన్ కొట్టినప్పుడు కళ్లు చెమర్చాయి, అది వేరే సంగతి. నా అంచనా మాత్రం సగానికి సగం తప్పింది. ఎందుకు తప్పిందో వెతుక్కుంటూ పోతే ఈ పద్ధతి తయారైంది.

మొదట చేయవలసింది, ఏప్రిల్‌లో బ్యాటింగ్ సగటును చూడకుండా ఉండడం. కష్టమే, ఎందుకంటే తెర మీద పెద్ద అక్షరాలతో వేసేది దాన్నే. కానీ లెక్క వేయండి. మొదటి ఇరవై ఆటల్లో ఒక బ్యాటర్‌కు 75 అవకాశాలు వచ్చాయనుకుందాం. 18 హిట్లు ఉంటే సగటు .240, జనం పెదవి విరుస్తారు. 22 ఉంటే .293, చప్పట్లు కొడతారు. తేడా నాలుగు బంతులు. ఇద్దరు ఫీల్డర్ల మధ్య పడినవో, ఎవరి చేతిలోనో పడినవో నాలుగంటే నాలుగు. క్రికెట్‌లో ఒకసారి అవుటైతే ఆ రోజుకు పెవిలియనే. ఇక్కడ రోజుకు నాలుగు సార్లు బ్యాట్ పట్టుకుంటాడు, ఆరు నెలల్లో 162 ఆటలు. నాలుగు బంతుల తేడా ఏప్రిల్‌లో కొండంత కనిపిస్తుంది, సెప్టెంబరుకు కలిసిపోతుంది.

తోటలో కూడా ఇంతే. నీళ్లు ఆపి చెట్టును వాడబెడితే పూత వస్తుంది, తెల్లగా విరగబూస్తుంది. వేరు దెబ్బతిని ఎండబోయే చెట్టు కూడా ఒక్కోసారి అలాగే విరగబూస్తుంది. పూత చూసి ఆ రెండింటినీ వేరు చేయలేం. మా నాయన పూత వైపు చూసేవాడు కాదు, కొమ్మ చివర చిగురు పట్టుకుని చూసేవాడు. బ్యాటర్ విషయంలో ఆ చిగురు ఏమిటన్నదే అసలు ప్రశ్న.

నా మటుకు అది ఫాస్ట్‌బాల్‌కు (పిచర్ పూర్తి వేగంతో విసిరే బంతికి) బ్యాట్ సమయానికి అందడం. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. అందులో బంతిని గుర్తుపట్టడం, కొట్టాలా వద్దా తేల్చుకోవడం, బ్యాట్ తిప్పడం అన్నీ జరగాలి. వయసు ముందుగా తినేది ఈ ఆఖరి భాగాన్ని. కన్ను చాలా కాలం నిలుస్తుంది, అనుభవం పెరుగుతుంది, బ్యాట్ వేగం మాత్రం తగ్గుతుంది. బ్యాటర్లు ఎక్కువ మంది ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిది మధ్య శిఖరం మీద ఉంటారు, ముప్పై ఐదు తర్వాత దిగడం వేగమవుతుంది.

దీన్ని కళ్లతో పట్టుకోవచ్చు. ఫౌల్ బంతులు (బ్యాట్‌కు తగిలి మైదానం గీతల బయటకు పోయేవి) ఎటు పోతున్నాయో చూడండి. కుడిచేతి బ్యాటర్ ఫాస్ట్‌బాల్‌ను కొడితే అది ఒకటో బేస్ వైపు జనంలోకి పోతోందంటే బ్యాట్ ఆలస్యమైందన్నమాట. మూడో బేస్ వైపు పోతే తొందరపడ్డాడు. నేరుగా వెనక్కి పోయి వల మీద పడితే సమయం సరిగ్గా కుదిరింది, వెంట్రుకవాసిలో తప్పింది. అలాంటి ఫౌల్ చూస్తే నాకు హిట్ చూసినంత ధైర్యం వస్తుంది. ఎడమచేతి వాడికి దిక్కులు తారుమారు చేసుకోండి. ఒకటి రెండు ఫౌల్‌లతో తేల్చవద్దు. వారం పాటు గీతలు గీయండి, ఎటు ఎక్కువ ఉన్నాయో అప్పుడు చూడండి.

ఇంకో మెట్టు ఉంది, చాలా మంది గమనించనిది. ఆలస్యం అవుతున్నానని అనుభవజ్ఞుడికి తనకే తెలుస్తుంది. అందుకని ముందుగానే తిప్పడం మొదలుపెడతాడు. దాంతో ఫాస్ట్‌బాల్ అందుతుంది, రెండు వారాలు హోమ్ రన్లు కూడా వస్తాయి. కానీ ముందుగా తేల్చుకున్నవాడు నెమ్మదిగా వచ్చి చివర్లో కిందికి పడిపోయే బంతికి దొరికిపోతాడు. స్ట్రైక్ జోన్ (హోమ్ ప్లేట్ మీద, బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే చోటు) బయట నేలకు తగిలే బంతులకు బ్యాట్ ఊపుతున్నాడా? గత ఏడాది కంటే ఎక్కువగా ఊపుతున్నాడా? ఊపుతుంటే ఆ రెండు వారాల హోమ్ రన్లను నేను నమ్మను.

నోటుబుక్కులో ఒక్కో ఆటగాడికి నాలుగు నిలువు గీతలు చాలు: స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైక్‌లకు అవుట్ కావడం), వాక్ (జోన్ బయటి బంతులు నాలుగు వదిలేసి ఊరికే ఒకటో బేస్ చేరడం), గట్టిగా తగిలిన బంతి, ఆలస్యమైన ఫౌల్. స్ట్రైక్‌అవుట్ లెక్క అరవై సార్లు బ్యాట్ పట్టేసరికి కొంత అర్థం చెప్పడం మొదలుపెడుతుంది, వాక్ లెక్కకు దాదాపు నూట ఇరవై కావాలి. సగటుకైతే ఒక సీజన్ మొత్తం కూడా చాలదు. గట్టిగా తగిలిందంటే గంటకు 95 మైళ్లు, ఆ పైన. 2015 నుంచి ప్రతి మేజర్ లీగ్ మైదానంలో స్టాట్‌కాస్ట్ అనే కొలిచే ఏర్పాటు ఉంది, ఫోనులో ప్రతి బంతి లెక్కా దొరుకుతుంది. 2024 నుంచి బ్యాట్ వేగం కూడా అందరికీ చూపిస్తున్నారు. లీగ్ సగటు గంటకు సుమారు 72 మైళ్లు. పెద్ద వయసు వాణ్ని పాతికేళ్ల కుర్రాడితో పోల్చి ఉసూరుమనవద్దు. అతని వేగాన్ని అతని గత ఏడాది వేగంతోనే పోల్చండి. నా చెట్టుకు పక్క తోట చెట్టు కొలబద్ద కాదు.

చలిని కూడా లెక్కలోకి తీసుకోండి. మనకు ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు. డెట్రాయిట్‌లో ఆ నెలలో పది డిగ్రీలు దాటని రోజులు ఉంటాయి. చలిగాలి చిక్కగా ఉంటుంది, బంతి అంత దూరం పోదు, ముప్పై ఎనిమిదేళ్ల కీళ్లు కూడా త్వరగా వేడెక్కవు. మంచు దేశపు జట్టుకు ఏప్రిల్ హోమ్ రన్లు తగ్గితే నేను బెంగపడను.

ఇక ఓపిక గురించి. బోస్టన్ బ్యాటర్ డేవిడ్ ఓర్టీజ్ 2009లో, ముప్పై మూడేళ్ల వయసులో, మే 20 దాకా ఒక్క హోమ్ రన్ కొట్టలేదు. పనైపోయిందని అందరూ అనుకునే పరిస్థితి. సీజన్ చివరికి 28 కొట్టాడు, మరుసటి ఏడాది 32. నలభై ఏళ్ల వయసులో, 2016లో, .315 సగటుతో 38 హోమ్ రన్లు కొట్టి గౌరవంగా తప్పుకున్నాడు. ఆల్బర్ట్ పుహోల్స్ 2022లో నలభై రెండేళ్లవాడు. జులై మధ్య దాకా ఆరు హోమ్ రన్లే, మొత్తం ముగిసేసరికి 24, జీవితకాలం లెక్క 703. సెయింట్ లూయిస్ జట్టు ఆయన్ను రోజూ ఆడించలేదు, కుడిచేతి వాడికి తేలికైన ఎడమచేతి పిచర్లు వచ్చిన రోజుల్లో ఎక్కువగా దింపింది. అందులోనే కిటుకు ఉంది.

అందుకే బ్యాటర్‌ను చూసినంత శ్రద్ధగా, ఎవరిని ఎప్పుడు ఆడించాలో తేల్చే మేనేజర్‌ను చూడండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ హోవీ కెండ్రిక్. 2018లో మడమ వెనక నరం తెగి మిగిలిన సీజన్ అంతా పోయింది. 2019లో ముప్పై ఆరేళ్లు నిండాయి. ఆయన జట్టు వాషింగ్టన్ నేషనల్స్ అప్పుడు పెద్ద వయసు వాళ్లతో నిండి ఉంది, మొదటి యాభై ఆటల్లో 19 గెలిచి 31 ఓడింది. నేను డెట్రాయిట్‌లో ఉన్న రోజులవి. ఆ జట్టు సంగతి ముగిసిందని మా అబ్బాయి అన్నాడు, నేనూ తలూపాను. కానీ వాళ్లు కెండ్రిక్‌కు మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ 121 ఆటలే ఆడించారు. సగటు .344. అక్టోబరులో లాస్ ఏంజెలెస్ మీద, స్కోరు సమమై పొడిగించిన పదో ఇన్నింగ్స్‌లో, గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. హ్యూస్టన్‌లో వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) ఏడో ఆటలో బంతిని కుడివైపు ఫౌల్ స్తంభానికి తగిలించి (అదీ హోమ్ రన్ కిందే లెక్క) జట్టును ముందుకు తెచ్చాడు. అప్పటికి నేను ఇంటికి తిరిగొచ్చాను. పొద్దున డ్రిప్ పైపుల దగ్గర ఫోను పట్టుకుని చూశాను. కబ్రెరా కోసం పెట్టుకున్న ఆశను 2021లో అంత పెద్దది చేసింది ఆ ఉదయమే కావచ్చు.

రాత్రి ఆట ఆడిన మరునాడు పగటి ఆట ఉంటే పెద్దాయనను కూర్చోబెడుతున్నారా? ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్‌కే పరిమితమయ్యే డిజిగ్నేటెడ్ హిట్టర్ చోటును ఒక్కరికే కట్టబెట్టారా, ఇద్దరు ముగ్గురికి పంచుతున్నారా? 2022 నుంచి రెండు లీగుల్లోనూ ఆ చోటు ఉంది కాబట్టి సాకు లేదు. పెద్ద వయసు వాళ్లు జట్టులో ముగ్గురు దాటితే, వెనక కుర్రాళ్లు సిద్ధంగా లేకపోతే, ఏప్రిల్‌లో మొదటి స్థానంలో ఉన్నా నేను మనవడికి మాట ఇవ్వను.

మోసపోయే అవకాశం ఇంకో వైపు నుంచి కూడా ఉంటుంది. 2022 జూన్‌లో కబ్రెరా సగటు .300 చుట్టూ ఉంది. మనవడు సంబరపడ్డాడు. నా గీతల్లో మాత్రం అన్నీ ఒక బేస్ హిట్లే, గోడ వైపు పోయే బంతి కనబడలేదు. ఆ ఏడాది .254 దగ్గర, 5 హోమ్ రన్ల దగ్గర ముగిసింది. ఏప్రిల్ 23న మూడు వేలో హిట్ కొట్టిన మనిషి గురించి ఇలా రాయడం నాకు బాధే, అయినా గీతలు ఉన్నదే చెప్పాయి.

లెక్క కట్టేది మే ఆఖరి రోజు. అప్పటికి యాభై పైచిలుకు ఆటలు, రోజూ ఆడేవాడికి రెండు వందల సార్లు బ్యాట్ పట్టే అవకాశం. నాలుగు వరుసలు కూడండి, గత ఏడాదివి వాటి పక్కనే పెట్టి పోల్చండి. నేను జూన్ 1న, అక్కడ వాళ్లకు రాత్రి భోజనాలయ్యే వేళకు, మనవడికి ఫోన్ చేసి ఒక్కో పేరూ చదువుతాను. వాడి నోటుబుక్కులో వాడి గీతలు ఉంటాయి. కిందటిసారి ఆలస్యమైన ఫౌల్‌లు నాకు పదకొండు, వాడికి పద్నాలుగు వచ్చాయి. వాడు చూసి నేను చూడని ఆ మూడు ఏవో తేలేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.