ఇసుకలో టెంటు కదలకుండా నిలవాలంటే

ఇసుకలో మామూలు మేకులు నిలవవు. ఓసారి అర్ధరాత్రి గాలికి నా టెంటు మేకులన్నీ ఊడొచ్చాయి. అప్పటినుంచి మేకు బదులు సంచి పాతుతున్నాను.

గట్టి గుడ్డసంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, నడుముకి తాడు కట్టండి. అడుగున్నర లోతు గొయ్యి తీసి, అందులో సంచిని తాడుకి అడ్డంగా పడుకోబెట్టండి. టెంటు వైపున్న గోడలో తాడు కోసం సన్నటి ఏటవాలు గాడి కోయండి. చాలామంది ఇదే వదిలేస్తారు. గాడి లేకపోతే తాడు అంచుకి ఒరుసుకుని సంచిని పైకి లాగేస్తుంది. ఇసుక కప్పి, నీళ్లు పోసి, కాలితో గట్టిగా తొక్కండి. తడిస్తే బాగా పట్టేస్తుంది.

సంచి లేకపోతే మూరెడు కర్రని అలాగే అడ్డంగా పాతినా చాలు. తాడు మాత్రం పొడుగ్గా వదలండి, అప్పుడు లాగుడు పైకి కాకుండా పక్కకి పడుతుంది.

వదులు మట్టిలోనైతే పొడుగాటి మేకు, తల టెంటుకి అవతలి వైపు వాలేలా దిగ్గొట్టండి. పడుకునే ముందు తాళ్లన్నీ మళ్లీ బిగించండి.