ఏహెక్ గ్రాంటుకు దరఖాస్తు విధానం

అమెరికాలో మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, డెంటల్ చదివే విద్యార్థులను యూనివర్సిటీ ఆసుపత్రి దాటించి, డాక్టర్లు దొరకని పల్లెల్లో శిక్షణ ఇప్పించడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఇది. పూర్తి పేరు ఏరియా హెల్త్ ఎడ్యుకేషన్ సెంటర్స్ ప్రోగ్రామ్. పలకడం మాత్రం అందరూ ఏహెక్ అనే పలుకుతారు. 1971 చట్టంతో పుట్టింది, 1972లో తొలి ఒప్పందాలు కుదిరాయి. ఇప్పుడు ప్రజారోగ్య సేవల చట్టం 751వ సెక్షన్ కింద నడుస్తోంది. సొమ్ము ఇచ్చేది హెల్త్ రిసోర్సెస్ అండ్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్, వాడుకలో హర్సా.

విద్యార్థి నేరుగా హర్సాకు దరఖాస్తు పెట్టుకోడు. కళాశాల పెట్టుకుంటుంది. విద్యార్థి తన ప్రాంతంలోని ఏహెక్ కేంద్రానికి, అంటే ఈ గ్రాంటు సొమ్ముతో అక్కడ శిక్షణ నడిపే స్థానిక సంస్థకు, పెట్టుకుంటాడు. ఈ వివరణలో ఎక్కువ భాగం కళాశాలలో ఆ పని నెత్తిన పడినవారి కోసం. విద్యార్థులకు కావలసింది చివరి భాగంలో ఉంది.

ఎవరు అర్హులు

మెడికల్ లేదా ఆస్టియోపతిక్ మెడికల్ (ఎండీకి బదులు డీఓ డిగ్రీ ఇచ్చే) కళాశాల, అలాంటి కళాశాలలు కలిసి రిజిస్టర్ చేసుకున్న కన్సార్షియం, లేదా ఆ కళాశాల మాతృసంస్థ అయిన యూనివర్సిటీ అర్హులు. రాష్ట్రంలో అసలు ఏహెక్ కార్యక్రమమే లేకపోతే నర్సింగ్ కళాశాల కూడా దరఖాస్తు చేయవచ్చు.

అవార్డు రెండు రకాలు. కొత్తగా మొదలుపెట్టేవారికి మౌలిక ఏర్పాట్ల అవార్డు. దీనికి గడువుంది: కార్యక్రమానికి మొత్తం 12 ఏళ్లు, అందులోని ఒక్కో కేంద్రానికి 6 ఏళ్లు మించకూడదు. ఆ దశ దాటినవారికి నిర్వహణ, మెరుగుదల అవార్డు. దానికి ఆ గడువు వర్తించదు. ఒకే కళాశాల కింద పాత కేంద్రం రెండో రకంలోనూ, కొత్త కేంద్రం మొదటి రకంలోనూ ఉండవచ్చు. అందుకే ఏ కేంద్రం ఏ తేదీన మొదలైందో ముందే ఒక పట్టీలో రాసిపెట్టుకోండి. లేకపోతే బడ్జెట్ రాసేటప్పుడు రెండు ఖాతాలూ కలగాపులగం అవుతాయి.

పోటీ ప్రతి ఏడాదీ ఉండదు. అవార్డు సాధారణంగా 5 ఏళ్ల కాలానికి వస్తుంది. మధ్యలో వచ్చే ఏటేటి నివేదిక దరఖాస్తు పాతవారు కొనసాగడానికే, కొత్తవారు చేరడానికి కాదు. నోటిఫికేషన్ వచ్చాక పని మొదలుపెడితే గడువు సరిపోదు. కింద చెప్పినవన్నీ ఏడాది ముందే కదపాలి.

కేంద్రాలు: అన్నిటికంటే ముందు తేలాల్సింది

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఇక్కడే. రాత ఎంత బాగున్నా కేంద్రం చట్టం చెప్పిన కేంద్రం కాకపోతే ప్రయోజనం లేదు. నిర్మాణంలో, పాలనలో, రోజువారీ నడకలో కేంద్రం కళాశాల నుంచి, దాని మాతృసంస్థ నుంచి స్వతంత్రంగా ఉండాలి. మెడికల్ కళాశాలగానీ, దాని శాఖా క్యాంపస్‌గానీ, అందులోని ఒక విభాగంగానీ కేంద్రం కాలేదు. "మా యూనివర్సిటీకి ఆ ఊళ్లో ఒక ఆఫీసుంది, దానికే ఏహెక్ బోర్డు తగిలిస్తాం" అన్న ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది. లాభాపేక్ష లేని స్థానిక సంస్థ, కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రం, ఊరి ఆసుపత్రి ఫౌండేషన్ వంటివి సరిపోతాయి.

ఇంకో మూడు షరతులున్నాయి. కేంద్రం సేవ చేసే ప్రాంతం కళాశాల ప్రధాన బోధనా స్థలానికి దూరంగా ఉండాలి. ఆ ప్రాంతం, ఆ జనం వేరే ఏహెక్ కేంద్రం పరిధితో కొంతైనా కలవకూడదు. అక్కడి జనాన్ని ప్రతిబింబించే పాలక మండలి లేదా సలహా మండలి ఉండాలి. మండలి సభ్యుల్లో సగం మంది యూనివర్సిటీ ఉద్యోగులే అయితే స్వతంత్రత మీద అనుమానం రావడం సహజం. కాబట్టి సభ్యుల పట్టీలో పేరు పక్కన ఊరు, వృత్తి, ఎవరి తరఫున కూర్చున్నారో రాయండి.

పరిధి గీయడానికి రాష్ట్రం మ్యాపు తీసుకుని ప్రతి కౌంటీకి ఒకే కేంద్రం పేరు రాయండి. రెండు పేర్లు పడిన కౌంటీ ఒక్కటి మిగిలినా ఆ రెండు కేంద్రాల డైరెక్టర్లను కూర్చోబెట్టి తేల్చాలి. ప్రాథమిక వైద్యుల కొరత ఉన్న ప్రాంతాలు హర్సా డేటా సైట్‌లో దొరుకుతాయి. ఆ గుర్తింపుకు మామూలు కొలమానం ఒక వైద్యుడికి 3,500 మంది జనం. పల్లె అవునా కాదా అన్నది కౌంటీ పేరు చూసి తేల్చకండి. పెద్ద నగరమున్న కౌంటీలోనే దూరాన ఉన్న కొన్ని జనగణన ఖండాలను ఫెడరల్ గ్రామీణ ఆరోగ్య కార్యాలయం పల్లెగా లెక్కిస్తుంది. క్లినిక్ పూర్తి చిరునామాతోనే వెతకాలి.

కళాశాల వైపు నుంచి చూపాల్సిన లెక్క మరొకటి ఉంది. మెడికల్ విద్యార్థులకు తప్పనిసరి అయిన క్లినికల్ శిక్షణలో కనీసం 10 శాతం ప్రధాన బోధనాసుపత్రికి దూరంగా, కమ్యూనిటీలో జరగాలి. డీన్ ఆఫీసు నుంచి వారాల లెక్క తెప్పించండి. అది కూడా ఐచ్ఛిక రొటేషన్లు (ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో కొన్ని వారాలు పనిచేస్తూ నేర్చుకునే విడతలు) కలపకుండా, తప్పనిసరివి మాత్రమే.

సొమ్ము లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. నాలుగు కేంద్రాలున్న కార్యక్రమం. చట్టం ప్రకారం కేంద్రానికి ఏడాదికి 2,50,000 డాలర్ల చొప్పున అవార్డు 10 లక్షల డాలర్లు అనుకుందాం. కేటాయింపు సరిపోని ఏడాది ఈ మొత్తం తగ్గవచ్చు.

ఆ 10 లక్షల్లో కనీసం 75 శాతం, అంటే 7,50,000 డాలర్లు, కేంద్రాలకు వెళ్లాలి. కళాశాలలోని ప్రోగ్రామ్ ఆఫీసుకు మిగిలేది ఎక్కువలో ఎక్కువ 2,50,000. డైరెక్టర్ జీతంలో వాటా, ఫైనాన్స్ ఉద్యోగి, మూల్యాంకనం చేసే మనిషి, డేటాబేస్, ప్రయాణాలు అన్నీ ఇందులోనే సర్దాలి. కొత్త కార్యక్రమాలకు మొదటి 2 ఏళ్లు ఈ 75 శాతం నియమం సడలించే వీలుంది.

ఇక వాటా సొమ్ము. కార్యక్రమం నడిపే ఖర్చులో కనీసం సగం ఫెడరల్ కాని వనరుల నుంచి రావాలి. అంటే వాళ్లు 10 లక్షలిస్తే మీరు 10 లక్షలు చూపాలి. అందులో కనీసం నాలుగో వంతు, ఇక్కడ 2,50,000 డాలర్లు, నగదుగానే ఉండాలి. మిగతాది వస్తు, సేవల రూపంలో ఉండవచ్చు. మౌలిక ఏర్పాట్ల అవార్డు తీసుకున్నవారు మొదటి 3 ఏళ్లలో ఏటా ఈ వాటాలో 75 శాతం దాకా మినహాయింపు అడగవచ్చు. అడిగితేనే పరిశీలిస్తారు, దానంతటది రాదు.

వాటాలో చూపిన అంకెలు తర్వాత ఆడిట్‌లో చెల్లకుండా పోయే కారణాలు ఇవి:

- ఫెడరల్ సొమ్మునే వాటాగా చూపడం. కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రంలో విద్యార్థికి నేర్పే డాక్టరు సమయం విలువైనదే. కానీ ఆ జీతం ఫెడరల్ గ్రాంటు నుంచి వస్తుంటే లెక్కలోకి రాదు. జీతం ఏ ఖాతాలోంచి వస్తోందో క్లినిక్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.
- ఒకే సేవను రెండు గ్రాంట్లకు చూపడం.
- యూనివర్సిటీ వదులుకున్న పరోక్ష ఖర్చును (భవనం, కరెంటు, ఆఫీసు వంటి ఉమ్మడి ఖర్చులో వాటా) ముందస్తు అనుమతి లేకుండా వాటాగా రాయడం.
- ఒక్కసారి వచ్చిన విరాళం మీద 5 ఏళ్ల లెక్క కట్టడం. చట్టంలో ఉన్న మాట ఏటేటా వచ్చే సొమ్ము అని. రాష్ట్ర శాసనసభ బడ్జెట్‌లో ఒక పద్దు దొరికితే అంతకంటే గట్టి ఆధారం లేదు.
- స్వచ్ఛందంగా నేర్పేవారి గంటకు ఇష్టం వచ్చిన ధర వేయడం. అదే పనికి అక్కడ మామూలుగా ఇచ్చే రేటే వేయాలి, గంటలకు సంతకం చేసిన టైమ్‌షీటు ఉండాలి.

పరోక్ష ఖర్చు 8 శాతం మించదు, అదీ సవరించిన ప్రత్యక్ష ఖర్చుల మీదే. కేంద్రాలకు ఇచ్చే సొమ్ములో ఒక పరిమితి దాటిన భాగం ఆ లెక్కలోకి రాదు. పరిశోధన గ్రాంట్లకు 50 శాతం అలవాటైన యూనివర్సిటీ అకౌంట్స్ విభాగం ఇది చూసి మొహం ముడుచుకోవడం మామూలే. ఆ మాట గడువుకు మూడు రోజుల ముందు కాక, మొదటి సమావేశంలోనే చెప్పేయండి.

రిజిస్ట్రేషన్లు

మొదట ఫెడరల్ సొమ్ము తీసుకునే సంస్థలు నమోదయ్యే సైట్ సామ్ డాట్ గవ్‌లో సంస్థ రిజిస్ట్రేషన్. అక్కడ 12 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూఈఐ, వస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత డన్స్ నంబరు స్థానంలో ఇదే నడుస్తోంది. రిజిస్ట్రేషన్ ఏటా రెన్యూ చేయాలి. దరఖాస్తు వేసేనాటికి గడువు తీరి ఉంటే తిరస్కరణే. సాధారణంగా ఆలస్యం ఎక్కడ జరుగుతుందంటే, సంస్థ పేరు లేదా చిరునామా పన్నుల శాఖ రికార్డులో ఒక రకంగా, ఇక్కడ ఇంకో రకంగా ఉన్నప్పుడు. ఒక కామా తేడా, "యూనివర్సిటీ ఆఫ్" ముందు "ది" అన్న పదం ఉండటం, లేకపోవడం కూడా చాలు.

తర్వాత దరఖాస్తు సమర్పించే సైట్ గ్రాంట్స్ డాట్ గవ్. సామ్ రికార్డులో ఎలక్ట్రానిక్ వ్యవహారాల ప్రతినిధిగా ఉన్న వ్యక్తే, దరఖాస్తు సమర్పించే అధికారిక ప్రతినిధికి ఇక్కడ అనుమతి ఇవ్వాలి. అనుమతి ఇవ్వాల్సిన ఆ వ్యక్తి రిటైరై ఏడాదైనా రికార్డులో పేరు మారలేదనే సంగతి సరిగ్గా చివరి వారంలోనే బయటపడుతూ ఉంటుంది.

కేంద్రాలకు పూర్తి సామ్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ యూఈఐ మాత్రం ఉండాలి. అది లేకుండా కళాశాల వాటికి ఉప అవార్డు, అంటే గ్రాంటులో వాటి భాగం, ఇవ్వలేదు.

దరఖాస్తు కట్టలో ఏముండాలి

ప్రాజెక్టు వివరణ, పని ప్రణాళిక, మూల్యాంకన పద్ధతి, బడ్జెట్, దాని వివరణ, జోడింపులు. పేజీల పరిమితి నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. పరిమితి దాటిన పేజీలను చదవరు. కాబట్టి కీలకమైన పట్టిక చివర్లో పెట్టకండి. జోడింపుల్లో కేంద్రాల మ్యాపు, సంస్థాగత చార్టు, ప్రతి కేంద్రంతో ఒప్పంద పత్రం, వాటా సొమ్ము లేఖలు తప్పకుండా ఉండాలి.

లేఖల విషయంలో ఒక మాట. "ఈ మంచి పనికి మా మద్దతు" అన్న లేఖ కాగితం దండగ. పనికొచ్చే లేఖలో మూడు అంకెలుంటాయి: ఏడాదికి ఎందరు విద్యార్థులను తీసుకుంటారు, ఎన్ని గంటలు నేర్పుతారు, ఎన్ని డాలర్ల విలువైన నగదు లేదా సేవ ఇస్తారు. లేఖల్లోని అంకెలు కూడితే బడ్జెట్‌లోని అంకె రావాలి. సమీక్షకులు కూడి చూస్తారు.

పని ప్రణాళికలో విద్యార్థి బసను విడిగా రాయండి. రొటేషన్ దొరికినా ఉండటానికి గది దొరక్క వెనక్కి వెళ్లిపోయేవారు చాలామంది. నేర్పే డాక్టర్ల కొరత కూడా అంతే. కొన్ని రాష్ట్రాలు దానికి, నేర్పే డాక్టర్లకు పన్ను రాయితీ ఇచ్చే మార్గం ఎంచుకున్నాయి. జార్జియా 2014లో దీన్ని మొదలుపెట్టింది, అక్కడ రొటేషన్ గంటలను ధ్రువీకరించేది ఏహెక్ ఆఫీసే. మీ రాష్ట్రంలో అలాంటి చట్టం ఉంటే ప్రస్తావించండి.

సమర్పణ

గడువు తేదీ రాత్రి 11:59, తూర్పు తీర కాలమానం. కాలిఫోర్నియాలో ఉన్నవారికి అది 8:59. కనీసం మూడు రోజుల ముందు పంపండి. పంపగానే వచ్చే ట్రాకింగ్ నంబరు అందిందనడానికి గుర్తు మాత్రమే. సిస్టమ్ పరిశీలన ముగిసి "వ్యాలిడేటెడ్" అని రావాలి, దానికి రెండు రోజులు పట్టవచ్చు. "రిజెక్టెడ్ విత్ ఎర్రర్స్" వస్తే సరిచేసి గడువులోపే మళ్లీ పంపాలి. ఎక్కువగా కనిపించే కారణాలు ఫైలు పేరులో నిషిద్ధ గుర్తులు, పేరు 50 అక్షరాలు మించడం, ఒకే పేరుతో రెండు ఫైళ్లు.

విద్యార్థులకు: ఏహెక్ స్కాలర్స్

అవార్డు పొందిన ప్రతి కార్యక్రమమూ స్కాలర్స్ అనే 2 ఏళ్ల శిక్షణ నడపాలి. ఏడాదికి 40 గంటల పాఠం, 40 గంటల క్షేత్ర శిక్షణ, మొత్తం 160 గంటలు. ఇది డిగ్రీకి అదనం, డిగ్రీలో భాగం కాదు. వేర్వేరు కోర్సులవాళ్లు కలిసి నేర్చుకోవాలన్నది దీని కీలకం. అందుకే ఒకే నర్సింగ్ కళాశాల నుంచి వచ్చిన బృందం సరిపోదు.

డిగ్రీ పూర్తవడానికి ఇంకా రెండేళ్లున్నప్పుడు చేరడం అనువైన సమయం. దరఖాస్తుకు మీ ప్రాంత కేంద్రం సైట్‌లోని ఫారం, కళాశాలలో చదువుతున్నట్టు రుజువు, చాలా చోట్ల ఒక చిన్న వ్యాసం అడుగుతారు. క్లినిక్‌కు పంపేముందు టీకాల రికార్డు, నేపథ్య తనిఖీ, కళాశాలకూ క్లినిక్‌కూ మధ్య ఒప్పందం కావాలి. మూడోదానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. మీరు కోరుకున్న క్లినిక్‌తో మీ కళాశాలకు ఒప్పందం ఉందో లేదో మొదటి రోజే అడగండి.

తెలుగు విద్యార్థులు ముందుగా అడిగేది వీసా గురించి. ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి ఈ గ్రాంటు సొమ్ముతో స్టైపెండుగానీ ప్రయాణ ఖర్చుగానీ ఇవ్వడానికి వీల్లేదు. పౌరులు, శాశ్వత నివాసులే అర్హులు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉందంటే కుదరదు, చేతికి రావాలి.

స్కాలర్ల గంటల లెక్క కళాశాల ఏటా హర్సాకు పంపాలి. రిపోర్టు కాలం జులై 1 నుంచి జూన్ 30, పంపాల్సింది జులై నెలాఖరులోపు. శిక్షణ ముగిసిన ఏడాది తర్వాత ఆ విద్యార్థి ఎక్కడ పనిచేస్తున్నాడో కూడా చెప్పాలి. కళాశాల ఈమెయిలు డిగ్రీతో పాటే మూతపడుతుంది కాబట్టి, కళాశాలవారు విద్యార్థి చేరిన రోజే వ్యక్తిగత ఈమెయిలు, ఫోను నంబరు ఫారంలో తీసుకోండి.