టికెట్లు ఆర్కైవ్ చేసే స్క్రిప్ట్ ఉందా? దాని పేజీ ఇలా మొదలుపెట్టండి

టీమ్ పనులనూ, బగ్‌లనూ టికెట్లుగా రాసుకునే జీరా సాఫ్ట్‌వేర్‌లో పాత టికెట్లను తనంతట తానే ఆర్కైవ్ చేసే స్క్రిప్ట్ మీ టీమ్‌లో నడుస్తోందా? అయితే దాని డాక్యుమెంట్‌లో మొదటి లైనే "టికెట్ కనిపించడం లేదా?" అని పెట్టండి. ఇన్‌స్టాల్ సంగతి కింద ఎక్కడో ఉన్నా పర్వాలేదు.

ఆర్కైవ్ అయిన టికెట్ మామూలు సెర్చ్‌లోనూ, బోర్డు మీదా కనిపించదు. అలాగని డిలీట్ అయినట్టు కాదు. నేరుగా లింక్ తెరిస్తే చదువుకోవచ్చు, ఎడిట్ మాత్రం కుదరదు. ఇది తెలియక మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆఫీసులో కొత్తగా చేరిన కర్నూలు అమ్మాయి రాత్రి 9 గంటలకు నాకు ఫోన్ చేసింది: "అన్నా, ఆ బగ్ ఎవరో డిలీట్ చేసేశారు!" పాపం, అప్పటికే రెండు గంటలుగా టెన్షన్ పడుతోంది.

స్క్రిప్ట్ చూసే షరతును ఉన్నది ఉన్నట్టు రాయండి: "డన్ అయి, 180 రోజులుగా అప్‌డేట్ లేనివి". ఊరికే "పాతవి" అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు. మెయిన్ టికెట్‌తో పాటు దాని సబ్‌టాస్క్‌లూ (కింద ఉండే చిన్న పనులు) ఆర్కైవ్‌లోకి వెళ్లిపోతాయి, అది తప్పకుండా రాయాలి. వెనక్కి తెచ్చే పర్మిషన్ ఎవరికుందో, స్క్రిప్ట్ ఏ అకౌంట్‌తో నడుస్తుందో కూడా చేర్చండి. షరతు మార్చిన రోజే పేజీలోనూ మార్చేయండి.