ఇంట్లో పిల్లలకు, పెద్దలకు ఆశీర్వాదం పలకడం ఎలా

ఆశీర్వదించడం పాస్టరుగారి పని మాత్రమే కాదు. బైబిల్లో 1 పేతురు 3:9 విశ్వాసులందరినీ ఇందుకు పిలుస్తోంది. మొదలుపెట్టడానికి సంఖ్యాకాండము 6:24-26 చాలు. అవి మూడు చిన్న వచనాలే, అందుకే పిల్లలు కూడా తొందరగా కంఠతా పట్టేస్తారు.

రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక కళ్లు తెరిచి, బిడ్డ ముఖం చూస్తూ తలమీద చెయ్యి ఉంచండి. పేరు పెట్టి పిలిచి, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని నెమ్మదిగా మొదలుపెట్టి మూడు వచనాలూ పలకండి. తర్వాత ఆ రోజు బిడ్డలో చూసిన ఒక మంచిని ఒక్క వాక్యంలో చెప్పండి. అర నిమిషం చాలు. పెద్దవాళ్లకైతే ముందు అడిగి, "మిమ్మల్ని" అనండి.

ఎక్కువగా తప్పేది ఇక్కడే: "దేవుడు నిన్ను దీవించాలి, నువ్వు ఫస్ట్ ర్యాంకు తేవాలి" అంటాం. బిడ్డ చెవిన పడేది రెండో సగమే, దీవెన కాస్తా షరతు అయిపోతుంది. వీసా వస్తుంది, జబ్బు పోతుంది అని దేవుడి తరఫున మాట ఇవ్వకండి. అది జరగకపోతే దెబ్బ తినేది వాళ్ల విశ్వాసం. తిట్టిన రోజైతే ముందు క్షమాపణ అడగండి. ఒకే నోట దీవెనా శాపమూ రాకూడదని యాకోబు 3:10 చెబుతోంది.

హింసించేవాళ్లను కూడా దీవించమని రోమా 12:14 చెబుతోంది. కానీ మనల్ని బాధపెట్టినవాళ్ల విషయంలో ఎదురుగా వెళ్లే తొందర వద్దు. ముందు వాళ్ల పేరెత్తి, ఏకాంతంగా, వాళ్ల మేలు కోరుతూ ఒక్క వాక్యం పలకండి.