ఇద్దరు, రెండు సైకిళ్లు, ఒక వ్యాన్: గ్యాప్ ట్రెయిల్‌పై వీకెండ్

అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ల గ్రేట్ అలిగేనీ ప్యాసేజ్ (అందరూ గ్యాప్ అంటారు) పాత రైలు దారిని మార్చి వేసిన సైకిల్ బాట, అందుకే ఎక్కుడు దారి ఎక్కడా నిటారుగా ఉండదు. రెండు రోజుల్లో మొత్తం తొక్కేద్దామని మాత్రం ఆశపడకండి.

శనివారం దారి మధ్యలో ఉండే కాన్‌ఫ్లుయెన్స్ ఊళ్లో క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసుకుని, వ్యాన్ అక్కడే వదిలి, నది పక్కనే ఒహాయోపైల్ వెళ్లి జలపాతం చూసి వచ్చేయండి, రానూపోనూ 22 మైళ్లు. రాత్రికి పులిహోర ఉంటే వంట టెన్షన్ లేదు.

ఆదివారం వ్యాన్‌లో డీల్ అనే చోటికి వెళ్లి అక్కడ మొదలుపెట్టండి. ట్రెయిల్‌లో అత్యంత ఎత్తైన చోటు (2,392 అడుగులు) ఆ పక్కనే, తర్వాత కంబర్లాండ్ దాకా 24 మైళ్లు దిగుడే. వ్యాన్ ఎవరు తెస్తారంటారా? ఒకరు సైకిల్ మీద మధ్యలో ఉన్న ఫ్రాస్ట్‌బర్గ్‌కు బయల్దేరితే, రెండోవాళ్లు వ్యాన్‌లో అక్కడికెళ్లి, పార్క్ చేసి, తాళం వేసి తమ సైకిల్ మీద కంబర్లాండ్ దిగిపోవాలి, సైకిల్ మీద వెనక వచ్చినవాళ్లు అక్కడ వ్యాన్ తీసుకుని కంబర్లాండ్ వెళ్లి కలుస్తారు. తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉండాలి, లేకపోతే గొడవే! మొదట తొక్కేవాళ్లకు దూరం తక్కువే కానీ 3,294 అడుగుల బిగ్ సావేజ్ సొరంగం వాళ్లకే దక్కుతుంది. లోపల చల్లగా ఉంటుంది, జాకెట్, లైటు తప్పనిసరి. చలికాలంలో దాన్ని మూసేస్తారు, తేదీలు చూసుకునే బయల్దేరండి.